ఐదు సర్కార్లు చూసిన ఇల్లు, కనబడకుండా పోయిన ఫోటోలు

నా చేతిలో ఒక ఫోటో ఉంది. కెమెరాకు దగ్గరగా పెడుతున్నా, చూడండి. బ్లాక్ అండ్ వైట్. పోస్ట్‌కార్డ్ కంటే కొంచెం చిన్నది. అంచులు పసుపు తిరిగాయి. ముగ్గురు కుర్రాళ్లు స్టూడియోలో నిలబడి ఉన్నారు. నడుమ ఉన్నది మా తాత. వెనక్కి తిప్పితే ఇంకుతో రాసి ఉంది: 1956 నవంబర్, సికింద్రాబాద్. అంటే ఆంధ్రప్రదేశ్ పుట్టిన నెల.

ఇప్పుడు మీకు రెండో ఫోటో చూపించాలి. 2014 జూన్ 2, తెలంగాణ పుట్టిన రోజు, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ దగ్గర అదే తాతను నేనే నా ఫోన్‌తో తీశాను. కానీ చూపించలేను. ఎందుకంటే అది నా దగ్గర లేదు.

ట్రంకు పెట్టెలో బట్టల కింద పడి ఉన్న ఫోటో అరవై ఏళ్లు దాటి బతికింది. ఎంతో జాగ్రత్త అనుకుని ఆన్‌లైన్‌లో దాచిన ఫోటో పదేళ్లు కూడా ఉండలేదు. ఇది ఎలా జరిగింది? అది నా ఒక్కడి ఇంటి సమస్యేనా, లేక మన రాష్ట్ర చరిత్రకు కూడా సమస్యా? ఈ ఎపిసోడ్ దాని గురించే.

అందరికీ నమస్తే. కొత్తగా చూస్తున్నవాళ్లకు చిన్న పరిచయం. నాది బీటెక్, కంప్యూటర్ సైన్స్. కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, తర్వాత ఈ వీడియోల వైపు వచ్చాను. హిస్టరీ నేను క్లాసులో చదువుకున్న సబ్జెక్ట్ కాదు, ఇంట్లో విన్న సబ్జెక్ట్. ఇవాళ రెండూ కలిసే టాపిక్ దొరికింది.

ముందు తాత కథ. ఆయన పుట్టింది 1938లో, సికింద్రాబాద్ స్టేషన్ పక్కన రెజిమెంటల్ బజార్‌లో. ఆ పేరులోనే ఉంది కదా, రెజిమెంట్. సికింద్రాబాద్ అసలు ఊరుగా మొదలైందే సైన్యం కోసం. 1798లో నిజాం బ్రిటిష్ కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేసుకుంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ చోటుకు సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. నేల నిజాందే, పెత్తనం మాత్రం బ్రిటిష్ వాళ్లది. హుస్సేన్ సాగర్‌కు అటు ఒక రాజ్యం, ఇటు ఇంకో రాజ్యం అన్నట్టు ఉండేది.

కాబట్టి మా తాత పుట్టింది బ్రిటిష్ పాలనలో. 1940ల మధ్యలో కంటోన్మెంట్ వదిలేసి మిగిలిన ఊరిని నిజాంకు తిరిగి అప్పగించారు. అది రెండో సర్కార్. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఇండియాలో కలిసింది, అది మూడోది. 1956లో ఆంధ్రప్రదేశ్, నాలుగోది. 2014లో తెలంగాణ, ఐదోది. తాత ఎప్పుడూ నవ్వుతూ ఒక మాట అనేవాడు: "నేను ఇల్లు మారలే బిడ్డా, సర్కార్లే నా ఇంటికాడికి వచ్చిపోయినయ్."

ఇప్పుడు ఈ సర్కార్లు మారిన ప్రతిసారీ ఎవరి చేతిలో కెమెరా ఉంది అని చూద్దాం. అసలు కథ అక్కడ ఉంది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతులెత్తేశాడు. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు, ఇద్దరు మిలటరీ ఆఫీసర్లు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. అది మన సికింద్రాబాద్‌లో తీసిన ఫోటోనే.

ఇంకో ఫోటో అంతకంటే ఫేమస్. బేగంపేట విమానాశ్రయంలో నిజాం, సర్దార్ పటేల్‌కు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టే ఫోటో. ప్రతి సెప్టెంబర్ 17న "నిజాం లొంగిపోయిన క్షణం" అని అందరికీ ఫార్వర్డ్ అవుతుంది. నిజానికి పటేల్ హైదరాబాద్ వచ్చింది 1949 ఫిబ్రవరిలో. లొంగుబాటుకు, ఆ నమస్కారానికి మధ్య ఐదు నెలలు ఉంది. ఫోటో నిజమైనదే, దాని కింద రాసిన తారీఖు తప్పు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ మా ఇంట్లోనే ఎదురవుతుంది.

ఇక ఫోటోలు లేని వైపు చూద్దాం. అప్పటికే ఊళ్లలో రజాకార్ల దాడులు జరిగాయి. సైన్యం వచ్చాక ముస్లింల మీద పెద్ద ఎత్తున హింస జరిగింది. దాని మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన రిపోర్టు దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. చనిపోయింది 27 వేల నుంచి 40 వేల మంది అని ఆ కమిటీ అంచనా. ఈ రెండు హింసల్లో పోయినవాళ్లలో ఎంతమంది ముఖాలు మనం చూశాం? లొంగుబాటుకు ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. ఊళ్లలో లేడు. అందుకే ఆ సంవత్సరం అనగానే మన కళ్ల ముందుకు ఇద్దరు ఆఫీసర్లు, ఒక నమస్కారం మాత్రమే వస్తాయి. ఏ ఫోటో మిగిలిందో అదే చరిత్ర అయి కూర్చుంటుంది.

తర్వాత 1956. 1952 డిసెంబర్‌లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో చనిపోయారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఫజల్ అలీ కమిషన్ 1955లో ఇచ్చిన రిపోర్టులో హైదరాబాద్ రాష్ట్రాన్ని ప్రస్తుతానికి వేరేగానే ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు కలపండి అని చెప్పింది. అంత ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. తెలంగాణ ఎందుకు అన్నది పెద్ద టాపిక్, అది ఇంకో ఎపిసోడ్. మనకు కావాల్సింది ఆ నెలలో మా తాత, ఇద్దరు దోస్తులు డబ్బులు పోగేసుకుని స్టూడియోకు పోయి ఫోటో దిగారు అన్న విషయం.

ఫోటో వెనక తారీఖు, ఊరి పేరు తెలుగులో ఉన్నాయి. మిగతా రెండు లైన్లు ఉర్దూలో ఉన్నాయి. తాత చదువు ఉర్దూ మీడియం. మా ఇంట్లో ఇప్పుడు ఉర్దూ మాట్లాడటం అందరికీ వచ్చు, చదవడం ఒక్కరికీ రాదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఫైల్ భద్రంగా ఉంది, ఓపెన్ చేసే సాఫ్ట్‌వేర్ మా దగ్గర లేదు. తాత పోయాక మా గల్లీలో ఒక పెద్దాయన చదివి పెట్టారు. దోస్తుల పేర్లు, పక్కన ఒకరి ఊరు. అంతే. కానీ ఆ రెండు లైన్లు లేకపోతే వాళ్లిద్దరూ మాకు ఎప్పటికీ "తాత పక్కన ఎవరో" మాత్రమే. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది కదా, అక్కడ మొఘలుల కాలం నుంచి ఫార్సీ, ఉర్దూ కాగితాలు ఉన్నాయి. వాటి కష్టం కూడా ఇదే. కాగితం ఉండటం సగం పని, చదివేవాళ్లు ఉండటం మిగతా సగం.

సికింద్రాబాద్‌లో ఫోటో గురించి మాట్లాడుతూ ఒక మనిషి పేరు చెప్పకపోతే తప్పు. రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టారు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివారు, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో ఉద్యోగం. ఇంజనీరింగ్ వదిలేసి కెమెరా పట్టుకున్న మనిషి అన్నమాట, అందుకే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు, దాన్ని ఒక ఇంగ్లిష్ మహిళ నడిపేది. పరదాలో ఉండే ఆడవాళ్లు కూడా ఫోటో దిగగలిగారు.

దీన్ దయాళ్ 1905లో చనిపోయారు. ఆయన తీసినవి గాజు పలకల మీద నెగటివ్‌లు. కింద పడితే పగులుతాయి, తడి తగిలితే పాడవుతాయి. దాచుకోవడానికి అంతకంటే కష్టమైన సరుకు లేదు. అయినా 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ నేషనల్ సెంటర్ ఫర్ ది ఆర్ట్స్ ఆయన గాజు నెగటివ్‌లు 2,857 తీసుకోగలిగింది. మధ్యలో ఎనభై ఏళ్లకు పైగా గడిచాయి. గాజు గట్టిదా? కాదు. "ఇవి మావి, మేం చూసుకోవాలి" అనుకునే మనుషులు ఉన్నారు, అంతే.

ఇక 1969. ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్డెక్కారు, కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ల సంఖ్య మీద ఇవాళ్టికీ లెక్కలు కలవవు. తాతకు అప్పుడు 31 ఏళ్లు, రైల్వేలో ఉద్యోగం. ఏం చూశాడో మాకు చెప్పాడు కానీ ఒక్క ఫోటో లేదు. కెమెరా ఎవరి దగ్గర ఉంది అప్పుడు? పత్రికల దగ్గర, పోలీసుల దగ్గర, కొద్దిమంది ఉన్నోళ్ల దగ్గర.

మలి ఉద్యమం వచ్చేసరికి అంతా మారిపోయింది. 2009 డిసెంబర్ 9 రాత్రి ప్రకటన, 2011 మార్చి 10న ట్యాంక్ బండ్ మీద మిలియన్ మార్చ్, అదే ఏడాది సెప్టెంబర్ 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె. వంటావార్పు, బతుకమ్మ ఆటలు, రైల్ రోకో, ప్రతి చోటా ఎవరో ఒకరి చేతిలో ఫోన్ ఉంది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో బిల్లు పాసయ్యింది. జూన్ 2న 29వ రాష్ట్రం. తెలుగు నేల మీద ఒక రాష్ట్రం పుట్టడాన్ని మామూలు జనం తమ సొంత కెమెరాలతో తీసుకున్నది అదే మొదటిసారి. చరిత్రలో మొదటిసారి కెమెరా మన చేతికి వచ్చింది. మరి ఆ ఫోటోలు ఎక్కడున్నాయి?

నా సంగతి చెప్తా. అప్పుడు నాకు 17 ఏళ్లు. జూన్ 2 పొద్దున రాజ్‌భవన్‌లో కేసీఆర్ గారు ప్రమాణం చేశారు, తర్వాత పరేడ్ గ్రౌండ్‌లో జెండా ఎగరేశారు. తాత పొద్దున్నే తయారై కూర్చున్నాడు. 76 ఏళ్ల మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ఆటోలో పోయి, జనం మధ్య దిగి కొంత దూరం నడిచాం. చేతిలో చిన్న కాగితం జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఒక నలభై ఫోటోలు తీశాను. ఇంటికి వస్తూ ఒకే మాట అన్నాడు: "మంచిగ తీసినవ్ గద, కడిగిపియ్యి." నేను నవ్వి, "ఇప్పుడు కడిగించుడు ఏం లేదు తాతా, ఆన్‌లైన్‌లో ఉంటయ్" అన్నాను.

ఆ రాత్రే ఒక సైట్‌లో ఎక్కించాను. పేరు చెప్పను, పేరు ముఖ్యం కాదు. ఫోన్‌లో జాగా లేదని అందులోంచి తీసేశాను కూడా. తాత 2016లో పోయాడు. నేను ఉద్యోగానికి బెంగళూరు పోయి నంబర్ మార్చాను, పాత సిమ్ రీచార్జ్ చేయలేదు. కొన్నాళ్లకు నంబర్ రద్దయి వేరేవాళ్లకు పోయింది. తర్వాత ఒకరోజు ఆ ఫోటోలు కావాలని లాగిన్ అయితే ఓటీపీ పాత నంబర్‌కు పోతోంది. రికవరీ మెయిల్ కూడా నేను చూడటం మానేసిన మెయిల్. ఆ తంటాలు పడుతుండగానే ఆ సైట్ వాళ్లు ఆ సర్వీసు మూసేశారు. మూసేస్తున్నాం, మీ ఫోటోలు దించుకోండి అని నోటీసు పంపారట. ఆ పాత మెయిల్‌కే.

ఇంజనీర్‌గా ఒక విషయం క్లియర్‌గా చెప్తా. ఆన్‌లైన్‌లో ఫోటోలు సాధారణంగా డిస్క్ పాడైపోయి పోవు. పెద్ద కంపెనీలు ఒక్కో ఫైల్‌ను ఒకటికంటే ఎక్కువ చోట్ల కాపీలు పెడతాయి. ఒక మెషీన్ చచ్చినా ఇంకోటి ఇస్తుంది. మనం ఎక్కువగా పోగొట్టుకునేది తాళం చెవి, అంటే ఆ అకౌంట్. లేదంటే ఇంటి ఓనర్ మనసు మారుతుంది. కిరాయి ఇంట్లో బీరువా పెట్టుకున్నట్టు. బీరువా మనదే, కానీ ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో చెప్పేది ఓనర్.

ఉదాహరణలు చూడండి. ఆర్కుట్ గుర్తుందా? మా అన్నల తరం మొత్తం అందులోనే ఉండేది. తెలంగాణ వచ్చిన నాలుగు నెలలకే, 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. ఫోటోలు దించుకోవడానికి టైమ్ ఇచ్చారు, ఎంతమంది దించుకున్నారు? మైస్పేస్ సర్వర్లు మార్చే క్రమంలో 2016కు ముందు జనం ఎక్కించిన పాటలు, వీడియోలు, ఫోటోలు పోగొట్టింది, ఆ సంగతి 2019లో బయటికి వచ్చింది. ఫ్లికర్ ఉచిత అకౌంట్లకు వెయ్యి ఫోటోల హద్దు పెట్టింది. గూగుల్ ఫోటోస్ 2015లో వచ్చినప్పుడు ఎన్ని ఫోటోలైనా ఉచితం అంది, 2021 జూన్ 1 నుంచి కొత్తవన్నీ 15 జీబీ లెక్కలోకి తెచ్చింది. రెండేళ్లు వాడని పర్సనల్ అకౌంట్లను తీసేసే రూల్ 2023 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది.

ఇక్కడ వాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లు వ్యాపారం చేస్తున్నారు, రూల్స్ రాసే ఇస్తున్నారు. కానీ ఈ రెండేళ్ల రూల్ ఒక్కసారి ఆలోచించండి. చనిపోయిన మనిషి అకౌంట్ ఎవరు తెరుస్తారు? ఉద్యమంలో తిరిగిన ఒక టీచరో, ఆర్టీసీ డ్రైవరో పోయి ఉంటారు. వాళ్ల ఫోన్ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. సకల జనుల సమ్మెలో వాళ్ల డిపో ముందు తీసిన ఫోటో ప్రపంచంలో ఆ ఒక్క చోటే ఉంది. ప్రమాణ స్వీకారం ఫోటో ఎటూ పోదు, పత్రికలు, ప్రభుత్వం దాచుకుంటాయి. పోయేది డిపో ఫోటో, గల్లీ ఫోటో, తెల్ల చొక్కా వేసుకున్న తాత ఫోటో. 1948లో జనం చేతిలో కెమెరా లేక వాళ్ల ముఖాలు పోయాయి. 2014లో కెమెరా ఉండి కూడా పోతే, చివరికి మిగిలేది మళ్లీ స్టేజీ మీద ఉన్నోళ్ల ఫోటోలే. అప్పుడు తప్పు రాజుల మీద వేయలేం, అది మనది.

సరే, ఏం చేయాలి? నేను చేస్తున్నవి చెప్తా. ఒకటి, మూడు కాపీలు. ఫోన్‌లో లేదా ఆన్‌లైన్‌లో ఒకటి, ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఒకటి, వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో ఇంకో డిస్క్‌లో ఒకటి. ఇల్లు మునిగినా, అకౌంట్ పోయినా ఒకటి మిగులుతుంది. రెండు, ఏడాదికోసారి గూగుల్ టేకౌట్ లాంటి వాటితో మొత్తం దించుకోవడం. మూడు, ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒక సెట్టింగ్ ఉంది, మన తర్వాత ఎవరికి ఇవ్వాలో ముందే చెప్పొచ్చు. బ్యాంకులో నామినీ పెట్టినట్టే. నాలుగు, ఏడాదికి ఇరవై ఫోటోలు ఎంచి కడిగించి, వెనక పేర్లు, ఊరు, తారీఖు రాయడం. ఐదు, పాత ఫోటోల్లో ఉన్నది ఎవరో ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడగడం. ఆరో నెలలో అడుగుదాం అనుకోకండి. నేను అలాగే అనుకున్నా.

చివరిగా ఒకటి. పోయిన ఏడాది మా మేనమామ పాత ఫోన్ బాగు చేయిస్తుంటే అందులో ఒక వాట్సాప్ ఫోటో దొరికింది. తాత, తెల్ల చొక్కా, చేతిలో కాగితం జెండా. నేను తీసిన నలభైలో ఒకటి. ఎప్పుడో ఎవరికో పంపినట్టున్నా, చేతులు మారి మారి ఫ్యామిలీ గ్రూప్‌లోకి వచ్చింది. వాట్సాప్ కుదించి కుదించి మసకగా అయింది, పెద్దది చేస్తే కళ్లు కూడా కనబడవు. ఫైల్ పేరులో తారీఖు 2017 జూన్ 2 అని ఉంది. వాట్సాప్‌లో ఫోటో వచ్చిన రోజే పేరుగా పడుతుంది, అసలు తీసిన తారీఖు చెరిగిపోతుంది.

తాత పోయింది 2016లో. ఆ ఫైల్‌ను నమ్మితే, పోయిన మనిషి మరుసటి ఏడాది జెండా పట్టుకుని నిలబడ్డట్టు. బేగంపేట ఫోటోకు జరిగిందే మా ఇంట్లో జరిగింది.

సికింద్రాబాద్‌లో ఒక స్టూడియోకు తీసుకుపోయి కడిగించాను. ఇంత మసకగా ఉంది, పెద్దది చేస్తే బాగుండదు అని ఆయన ముందే చెప్పాడు. పర్వాలేదన్నా, ఆ పాత ఫోటో సైజులోనే చాలన్నా. నానమ్మకు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "చొక్కా నేనే ఇస్త్రీ చేసిన" అంది. ఆ మాట కూడా వెనక రాశాను. తాత పేరు, 2014 జూన్ 2, పరేడ్ గ్రౌండ్, సికింద్రాబాద్, చొక్కా ఇస్త్రీ చేసింది నానమ్మ. రెండు ఫోటోలూ ఇప్పుడు ఒకే ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

మీ ఇంట్లో రాష్ట్రం వచ్చిన రోజు ఫోటో ఉంటే, ఈ వీడియో అయిపోగానే అది ఎక్కడుందో ఒకసారి వెతకండి. దొరికితే వెనక పేర్లు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.